టీకాలు, ఆటిజం: ఉత్తరాంధ్ర నేపథ్యంలో ఒక అపోహ

పసితనంలో వేసే టీకాల వల్ల ఆటిజం వస్తుందన్నది 1998లో ఇంగ్లండులో పుట్టి దేశదేశాలకు పాకిన తప్పుడు వాదన. దానికి మూలమైన పరిశోధనను అచ్చువేసిన పత్రికే 2010లో రద్దు చేసింది. అయినా ఆ మాట చావలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్‌లో ఆ రెండింటి నుంచి విడదీసిన పార్వతీపురం మన్యం జిల్లాలోనూ ఇలాంటి మాట నమ్మిన ఇంటికి రెండు నష్టాలు. తర్వాత పుట్టిన బిడ్డకు టీకా తప్పిపోతుంది. మొదటి బిడ్డకు వెంటనే అందాల్సిన శిక్షణ, కారణం ఎవరన్న వాదులాటలో వెనకబడిపోతుంది. రెండో నష్టం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం గానీ, బరువైనది అదే.

ఆటిజం, దాని గుర్తులు

మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా ఆటిజం. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో దీనికి వైద్యశాస్త్రంలో స్థానం దొరికింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, చక్రాలున్న బొమ్మను నడపకుండా చక్రాన్నే గంటల తరబడి తిప్పుతూ కూర్చోవడం తొలి గుర్తులు. మన పల్లెల్లో ఆటిజం అన్న పేరు ఆసుపత్రికి వెళ్లాకే వినపడుతుంది. అంతవరకూ ‘గుంటడికి ఇంకా మాటలు రానేదు’ అన్నదే ఫిర్యాదు. వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయిలే అని ఇంట్లో పెద్దలు సర్దిచెబుతారు. చెవుడేమోనని కొందరు, గాలి సోకిందేమోనని కొందరు అనుమానపడతారు. బుద్ధిమాంద్యమూ ఆటిజమూ ఒకటే అనుకోవడం మామూలు. రెండూ ఒకే బిడ్డలో ఉండవచ్చు గానీ ఒకటి కావు.

భారతదేశంలో అయిదు చోట్ల జరిగి 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ సంస్థ సర్వేలో హైదరాబాదు కూడా ఉంది. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో దాదాపు నూటికి ఒకరికి ఆటిజం ఉన్నట్టు అందులో తేలింది.

తేదీల కలయిక

ఈ అపోహ ఎందుకు అంత తేలిగ్గా నాటుకుంటుందో తెలియాలంటే టీకాల కార్డు తెరిచి చూడాలి. మన జిల్లాల్లో టీకాల రోజులు బుధవారం, శనివారం. ఏఎన్ఎం ఐసు ప్యాకులు పెట్టిన డబ్బాతో వస్తుంది, ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి తల్లులను పిలుస్తుంది. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య బిడ్డకు కుడి చేతికి తట్టు-రుబెల్లా రెండో డోసు, తొడకు డీపీటీ బూస్టరు, నోట్లో పోలియో చుక్కలు పడతాయి. ఆ రాత్రి ఒళ్లు వెచ్చబడుతుంది, బిడ్డ ఏడుస్తుంది, తల్లికి నిద్ర ఉండదు. కార్డు మీద తేదీ పెన్నుతో రాసి ఉంటుంది.

ఆటిజం గుర్తులు ఇంట్లోవాళ్ల కంటపడే వయసూ సరిగ్గా అదే. కొందరు పిల్లల్లో అప్పటిదాకా వచ్చిన ‘అమ్మ’, ‘అత్త’ లాంటి రెండు మూడు మాటలు కూడా ఆ నెలల్లోనే జారిపోతాయి. మాట ఏ రోజున ఆగిందో ఎవరూ రాసిపెట్టుకోరు. సూది వేసిన రోజు మాత్రం కార్డులో ఉంటుంది. అందుకే ‘సూదేసిన కాడ్నుంచీ మాట పడిపోనాది’ అని ఒక తల్లి అంటే అందులో అబద్ధం లేదు. ఆమె తాను చూసిన వరస చెబుతోంది. ఆ వరసే కారణం అనుకోవడంలో ఉంది పొరపాటు. 1994లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, తర్వాతి రోజుల్లో ఆటిజం ఉందని తేలిన 11 మంది పిల్లల మొదటి పుట్టినరోజు వీడియోలు తెప్పించి చూశారు. పిలిస్తే పలకకపోవడం, ముఖాల వంక చూడకపోవడం ఏడాది వయసుకే వాళ్లలో చాలామందిలో ఉన్నాయి. ఇంట్లోవాళ్లు గమనించక ముందే తేడా మొదలైందన్నమాట.

వాదన ఎలా పుట్టింది

1998 ఫిబ్రవరిలో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రికి చెందిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్, మరో 12 మంది కలిసి ‘ద లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ఉన్నది 12 మంది పిల్లల వివరాలు మాత్రమే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకా తర్వాత పేగు జబ్బు, ఎదుగుదల లోపం కనబడ్డాయని దాని సారాంశం. టీకా వల్లే అని వ్యాసం నిరూపించలేదు. ఆ సంగతి అందులోనే రాసి ఉంది. కానీ వేక్‌ఫీల్డ్ విలేకరుల సమావేశంలో ఈ మూడింటినీ విడివిడిగా వేయాలని పిలుపిచ్చాడు. పత్రికలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. బ్రిటన్‌లో 90 శాతం పైన ఉన్న ఎంఎంఆర్ టీకా వాడకం కొన్నేళ్లలో 80 శాతానికి జారింది.

అసలు కథను బయటికి లాగింది బ్రయాన్ డీర్ అనే విలేకరి. ఎంఎంఆర్ కంపెనీల మీద దావా వేయబోతున్న లాయరు దగ్గర వేక్‌ఫీల్డ్ 4 లక్షల పౌండ్లకు పైగా తీసుకున్నాడనీ, 1997లోనే తన సొంత తట్టు టీకాకు పేటెంటు దరఖాస్తు పెట్టుకున్నాడనీ 2004 నుంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి. సహ రచయితల్లో పదిమంది ఆ ఏడాదే తమ వ్యాఖ్యానాన్ని ఉపసంహరించుకున్నారు. వేక్‌ఫీల్డ్ తన కొడుకు పుట్టినరోజుకు వచ్చిన పిల్లల నుంచి డబ్బిచ్చి రక్తం తీయించాడని కూడా వైద్య మండలి విచారణలో తేలింది. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసాన్ని రద్దు చేసింది, మే నెలలో వైద్యం చేసేందుకు అతనికున్న అనుమతి రద్దయింది. పిల్లల వైద్య రికార్డుల్లోని తేదీలు, రోగ నిర్ధారణలు వ్యాసంలో మారిపోయాయని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ బయటపెట్టి, దాన్ని మోసమని తేల్చింది.

పరిశోధనలు తేల్చింది

డెన్మార్క్‌లో పుట్టిన ప్రతి బిడ్డ వివరమూ ప్రభుత్వ రిజిస్టర్లలో ఉంటుంది. 2002లో 5,37,303 మంది, 2019లో 6,57,461 మంది పిల్లల వివరాలు పరిశీలిస్తే, ఎంఎంఆర్ వేయించుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువగా లేదు. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల్లోనూ అదే ఫలితం వచ్చింది. జపాన్ 1993లో వేరే కారణంతో ఎంఎంఆర్ ఆపేసింది. యోకోహామా నగరంలో ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో ఆటిజం తగ్గకపోగా పెరిగింది. టీకాల్లోని అల్యూమినియం మీద అనుమానం వస్తే, 2025లో డెన్మార్క్‌లోనే 12 లక్షల మంది పిల్లలను చూశారు. సంబంధం దొరకలేదు.

మన ప్రాంతం వరకు ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ప్రభుత్వ కార్యక్రమంలో ఏఎన్ఎం వేసేది తట్టు-రుబెల్లా టీకా, అంటే ఎంఆర్. గవదబిళ్లల టీకా అందులో లేదు. ఎంఎంఆర్ ప్రైవేటు పిల్లల డాక్టర్ల దగ్గర వేయించుకునేది. ఎంఆర్ సీసాలో పాదరసమూ ఉండదు. అది బతికున్న, బలహీనపరిచిన వైరసుతో చేసిన టీకా. పాదరసం ఉన్న మందు కలిపితే వైరసు చచ్చిపోతుంది. పాదరసం కలిసిన థైమరోసాల్ ఉండేది పెంటావాలెంట్ లాంటి, ఒక సీసా నుంచి చాలామందికి తీసే టీకాల్లో. సీసాలో సూక్ష్మజీవులు పెరగకుండా దాన్ని కలుపుతారు. అందులోని ఇథైల్ పాదరసం రోజుల్లోనే ఒంట్లోంచి పోతుంది. చేపల ద్వారా చేరి పేరుకునే మిథైల్ పాదరసం వేరు. అమెరికాలో 2001 నాటికి పసిపిల్లల టీకాల్లో థైమరోసాల్‌ను దాదాపు తీసేశారు. ఆటిజం లెక్క తగ్గలేదు.

రుబెల్లా

ఆటిజం కారణాల గురించి మాట్లాడేటప్పుడు అన్నిటికన్నా ముందు చెప్పవలసిన విషయం ప్రచారాల్లో ఎక్కడా వినపడదు. గర్భం మొదటి నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు శుక్లాలు, చెవుడు, గుండె లోపం రావచ్చు. ఆటిజం కూడా రావచ్చు. 1964లో అమెరికాను కుదిపిన రుబెల్లా తర్వాత అలా పుట్టిన 243 మంది పిల్లలను పరిశీలించిన స్టెల్లా చెస్, వాళ్లలో ఆటిజం మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని 1971లో రాశారు. కాబట్టి ఆటిజానికి భయపడి ఎంఆర్ మానేసిన ఆడపిల్ల, రేపు తన కడుపున పడే బిడ్డకు ఆటిజం తెచ్చే ఒక కారణానికి తలుపు తెరిచి ఉంచుతోంది. ఇంతకంటే విషాదకరమైన వైపరీత్యం ఈ చరిత్రలో మరొకటి లేదు.

2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఎంఆర్ టీకాల ఉద్యమం జరిగింది. తొమ్మిది నెలల పసివాళ్ల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లల వరకు బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ వేశారు. అంతకు కొన్ని నెలల ముందే తమిళనాడులో ఇదే కార్యక్రమాన్ని వాట్సాప్ పుకార్లు చుట్టుముట్టాయి. పిల్లలు పుట్టరనీ, ఆటిజం వస్తుందనీ, కాలం చెల్లిన మందనీ రకరకాలుగా.

అపనమ్మకానికి ఉన్న వేర్లు

టీకా అంటే జంకే తల్లిదండ్రులందరినీ అజ్ఞానులని తీసిపారేయడం అన్యాయం. తెలుగు నేల మీద నిజంగా తప్పులు జరిగాయి. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికన్ సంస్థ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను సుమారు 14,000 మంది బాలికలకు వేయించింది. వాళ్లలో చాలామంది భద్రాచలం ప్రాంతపు గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు హాస్టల్ వార్డెన్లు పెట్టారు. ఖమ్మంలోనూ, ఇదే కార్యక్రమం నడిచిన గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయాక 2010లో కార్యక్రమాన్ని ఆపారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. 2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో పెంటావాలెంట్ వేశాక జ్వరానికి ఇవ్వాల్సిన పారాసెటమాల్‌కు బదులు ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. పసివాళ్ల ప్రాణాలు పోయాయి.

టీకా మందు తప్పు కాకపోయినా మనుషుల తప్పు ఉండవచ్చని ఈ రెండూ చెబుతాయి. సీతంపేట, కురుపాం, సాలూరు కొండల్లోని సవర, జాతాపు గూడేలకు వెళ్లే సిబ్బందికి ఖమ్మం అనుభవం తెలిసి ఉండాలి. అడిగి, చెప్పి, ఒప్పించి వేసిన టీకాకూ, వరసలో నిలబెట్టి వేసినదానికీ మధ్య తేడా మర్నాడే గూడెంలో తెలిసిపోతుంది. అయితే టీకా తప్పిన పిల్లలందరినీ పుకార్ల ఖాతాలో వేయడం కూడా సరికాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో టీకాలన్నీ పడిన పిల్లలు సుమారు 73 శాతం. మిగిలినవాళ్లలో వలస కుటుంబాల పిల్లలుంటారు. తల్లిదండ్రులతో హైదరాబాదుకో చెన్నైకో వెళ్లిన బిడ్డ కార్డు ఊళ్లో ఇనప్పెట్టెలోనే ఉండిపోతుంది.

ఇతర తప్పుడు కారణాలు

తల్లి ఆప్యాయత చూపకపోవడం వల్ల ఆటిజం వస్తుందని 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం రాసి ఒక తరం తల్లుల మీద నేరం మోపాడు. 1977లో ఫోల్‌స్టైన్, రటర్ చేసిన కవలల పరిశోధన వంశపారంపర్యం పాత్రను చూపించడంతో ఆ వాదన కూలింది. మన దగ్గర అది ‘ఉద్యోగం చేసే తల్లి, పట్టించుకోలేదు’ అన్న రూపంలో బతికే ఉంది. ఫోను చూపించడం వల్ల ఆటిజం వస్తుందన్నది ఇప్పటి మాట. ఫోనుకు అంటుకుపోయిన పిల్లలకు మాట ఆలస్యం కావచ్చు, తగ్గిస్తే మేలే. ఆటిజం మాత్రం దానితో పుట్టదు. మాటలు రావాలని వస కొమ్ము అరగదీసి నాకించడం పాత అలవాటు. దానితో ఆటిజం ఉన్న బిడ్డకు మాటలు వస్తాయన్న ఆధారం లేదు, ఎక్కువైతే హాని కూడా. మేనరికాలు కొన్ని వంశపారంపర్య జబ్బుల అవకాశాన్ని పెంచుతాయి గానీ, ఆటిజం ఉన్న ప్రతి బిడ్డనూ ఆ లెక్కలో కట్టడం తప్పు.

గర్భిణులు పారాసెటమాల్ వాడితే ఆటిజం వస్తుందని 2025 సెప్టెంబరు 22న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించాడు. దానికి ఏడాది ముందే స్వీడన్‌లో దాదాపు 24.8 లక్షల మంది పిల్లల మీద జరిగిన పరిశోధనలో, ఒకే తల్లి పిల్లలను పోల్చి చూస్తే అలాంటి సంబంధం కనబడలేదు. ఆ నవంబరులో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ తన వెబ్‌సైటులో టీకాలు ఆటిజానికి కారణం కావన్న వాక్యాన్ని పలచన చేసింది. దాని వెనక కొత్త పరిశోధన ఏదీ లేదు. డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సంబంధం లేదని మళ్లీ ప్రకటించారు.

నిర్ధారణ, సాయం

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పరీక్షించే సమస్యల జాబితాలో ఆటిజం ఉంది. బిడ్డలో అనుమానం వస్తే అంగన్‌వాడీ, ఆరోగ్య సిబ్బంది ద్వారా జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. నిర్ధారణకు మన దేశంలో వాడే ఐఎస్ఏఏ కొలమానం సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో తయారైనదే. అందులో 40 అంశాలుంటాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016 ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. అందువల్ల సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోవచ్చు, అర్హత ఉంటే పింఛను వస్తుంది. బడి వయసు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. మాట, ఆట, పనులు నేర్పే శిక్షణ రెండు మూడేళ్ల వయసులో మొదలైతే ఫలితం ఎక్కువ.

టీకా విషం దిగిందని నమ్మించి ఆ విషాన్ని తీసేస్తామనేవాళ్లూ ఉంటారు. ఒంట్లోని లోహాలను తీసే చెలేషన్ వైద్యం ఆటిజానికని చేయించి 2005లో అమెరికాలో ఒక అయిదేళ్ల బాలుడు చనిపోయాడు. మన దేశంలో లక్షలు వసూలు చేసి చేసే మూలకణ చికిత్సను ఆటిజానికి సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. పొలం తాకట్టు పెట్టి ఆ డబ్బు కట్టబోయే తల్లిదండ్రులకు ఆ సంగతి తెలుగులో, ఆసుపత్రి గోడ మీద, కనబడేంత పెద్ద అక్షరాల్లో రాసి ఉంచాలి.