విదేశాల్లో అంతర్జాతీయ సదస్సు: ప్రయాణ ఏర్పాట్లు

పరిశోధన పత్రం చదవడానికో, చర్చలో పాల్గొనడానికో, ఊరికే వినడానికో పరాయి దేశంలో జరిగే సదస్సుకు వెళ్లే ప్రతినిధి ముందుగా చక్కబెట్టుకోవాల్సిన పనులన్నీ ‘ప్రయాణ ఏర్పాట్లు’ అన్న మాట కిందికి వస్తాయి: ఆహ్వాన పత్రం, పై అధికారుల అనుమతి, ఖర్చుకు డబ్బు, వీసా, టికెట్టు, బస, తిరిగొచ్చాక లెక్కల అప్పగింత. నిర్వాహకులు వీటిని సాధారణంగా ఒక్క పేజీలో తేల్చేస్తారు. ఆ పేజీ చాలాసార్లు వీసా అక్కర్లేని పాస్‌పోర్టు ఉన్నవాళ్ల కోసం రాసినట్టే ఉంటుంది: నమోదు చేసుకోండి, హోటల్ తీసుకోండి, వచ్చేయండి అని. భారతీయ పాస్‌పోర్టు మీద వెళ్లేవారికి ఈ వరస కుదరదు. వీసా ఎప్పటికి చేతికొస్తుందన్నది ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ మిగతా పనులు పెట్టుకోవాలి. ఈ వ్యాసం ప్రధానంగా తెలుగు రాష్ట్రాల నుంచి ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాలకు వెళ్లేవారి గురించి. మిగతా దేశాల సంగతి అవసరమైన చోట మాత్రమే వస్తుంది.

సదస్సు అసలుదేనా?

పొగుడుతూ వచ్చిన ఈమెయిల్ ఆహ్వానాలన్నీ నిజమైనవి కావు. పేరుకు అంతర్జాతీయం, జరిగేది ఒక హోటల్ గదిలో, వచ్చేది ఫీజు కట్టిన పాతికమంది. ఇలాంటి సదస్సుల వ్యాపారానికి హైదరాబాద్‌తో సంబంధం ఉంది. ఇక్కడి నుంచి నడిచిన ఓమిక్స్ గ్రూపు మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. ప్రముఖ శాస్త్రవేత్తలు వస్తున్నారని వారి ఒప్పుదల లేకుండానే ప్రచారం చేసుకున్నారన్నది ఆరోపణల్లో ఒకటి. 2019లో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. కాబట్టి నమోదు రుసుము కట్టే ముందు రెండు విషయాలు చూసుకోవాలి: కార్యక్రమ కమిటీలో పేర్లున్నవారు తమ సొంత పేజీల్లో ఆ సదస్సును ప్రస్తావించారా, కిందటేటి పత్రాలు ఎక్కడైనా అచ్చయ్యాయా. ఒకే చోట ఒకే రోజు భౌతికశాస్త్రం నుంచి పశువైద్యం దాకా అన్నిటికీ సదస్సు పెట్టేవారికి దూరంగా ఉండటం మంచిది.

ఆహ్వాన పత్రం, అందులో పేరు

పత్రాన్ని అంగీకరించామన్న ఈమెయిల్ వేరు, వీసా కోసం ఇచ్చే ఆహ్వాన పత్రం వేరు. రెండోదానిలో పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, సదస్సు జరిగే రోజులు, చోటు, సమర్పించే పత్రం పేరు, ఖర్చు ఎవరు భరిస్తారన్నది ఉండాలి. చాలామంది నిర్వాహకులు నమోదు రుసుము ముట్టాకే దీన్ని పంపుతారు. వీసా రాకపోతే ఆ రుసుము వెనక్కిస్తారా లేదా అన్నది కట్టకముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి.

తెలుగువారికి పేరు దగ్గర చిక్కు ఎక్కువ. మనకు ఇంటిపేరు ముందు, ఇచ్చిన పేరు తర్వాత. డిగ్రీ పట్టాలో ‘కె.వి. సుబ్బారావు’, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో పొడిగించిన ‘కె’, పేరు గడిలో ‘వెంకట సుబ్బారావు’, అచ్చయిన పత్రాల మీద ‘సుబ్బారావు కె.’. నిర్వాహకుల నమోదు ఫారం ఈ మూడింట్లో చివరిదాన్ని తీసుకుని ఆహ్వానం తయారుచేస్తుంది. వీసా కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి ఈ మూడూ ఒకరివేనని తెలియాల్సిన పని లేదు. కాబట్టి ఆహ్వాన పత్రం, బీమా, హోటల్ బుకింగ్, విమాన టికెట్టు అన్నిటి మీదా పాస్‌పోర్టులో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే ఉండాలి. మెడలో వేసుకునే బ్యాడ్జీ మీద మాత్రం ఏ పేరైనా పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇంకో ఇబ్బంది. ఒకే పేరున్న పాస్‌పోర్టుల మీద సందర్శక వీసాతో వచ్చేవారిని 2022 నవంబరు నుంచి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అనుమతించడం లేదు. ఇలాంటి పాస్‌పోర్టు ఉన్నవారు పేరు సరిచేయించుకోవడం సదస్సుతో పని లేకుండానే చేయదగిన పని.

అనుమతులు, ఆర్థిక సాయం

ప్రభుత్వోద్యోగులకూ, ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవారికీ సెలవు, నిరభ్యంతర పత్రం కాక మరో మెట్టు ఉంది. విమాన ఖర్చో, బసో విదేశీ నిర్వాహకులే భరిస్తుంటే అది ‘విదేశీ ఆతిథ్యం’ అవుతుంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం దానికి కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి కావాలి. దరఖాస్తు ఎఫ్‌సీ-2 ఫారంలో, ఆన్‌లైన్‌లో చేయాలి. ఖర్చు వాళ్లు పెడుతున్నారు కదా, మనకేమిటి అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

సాయం కావలసినవారికి ఒకప్పటి సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధన మండలి (సెర్బ్) నడిపిన అంతర్జాతీయ ప్రయాణ సాయం పథకం బాగా తెలిసినది. సెర్బ్ ఇప్పుడు 2023 నాటి చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌లో కలిసిపోయింది. సీఎస్ఐఆర్, ఐసీఎంఆర్ వంటి సంస్థలకూ ఇలాంటి పథకాలున్నాయి. వీటికి సదస్సుకు కొన్ని నెలల ముందే దరఖాస్తు చేయాలి, అప్పటికి పత్రం అంగీకారం చేతిలో ఉండాలి. ఈ రెండు గడువులూ పొసగక సాయం చేజారినవారు తక్కువేం కాదు. నిర్వాహకులిచ్చే రుసుము మినహాయింపును మొదటి ఉత్తరంలోనే అడగడంలో తప్పు లేదు.

ప్రభుత్వ ఖర్చు మీద వెళ్లేవారు టికెట్టు ఎక్కడ కొన్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఎయిర్ ఇండియా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లాక, ఆ విమానంలోనే వెళ్లాలన్న పాత నిబంధన పోయింది. అయితే కేంద్ర ఉద్యోగులు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడింటిలో ఒకదాని ద్వారానే కొనాలని అదే ఏడాది ఉత్తర్వు వచ్చింది. ఫోనులో రెండువేలు తక్కువకు దొరికిన టికెట్టు చివరికి సొంత ఖర్చయ్యే ప్రమాదం ఉంది.

షెంగెన్ వీసా

షెంగెన్ ప్రాంతంలో 29 దేశాలున్నాయి. రుమేనియా, బల్గేరియాలు 2025 జనవరితో పూర్తిగా చేరాయి. బ్రిటన్, ఐర్లండ్ ఇందులో లేవు. స్వల్పకాలిక వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయి ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

దరఖాస్తును ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, 15 రోజుల కంటే తక్కువ వ్యవధి ఉన్నప్పుడు ఇవ్వకూడదు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, సందేహం వస్తే 45 రోజుల దాకా. కాగితం మీద లెక్క ఇది. అసలు ఆలస్యం అపాయింట్‌మెంటు దొరకడంలో ఉంటుంది. వేసవి సెలవుల ముందు, అంటే సదస్సులు ఎక్కువగా జరిగే జూన్, జులైలకు ముందే, విహారయాత్రలవాళ్లూ కిటికీ దగ్గరికి వస్తారు. హైదరాబాద్‌లోని వీఎఫ్‌ఎస్ వీసా దరఖాస్తు కేంద్రం కాగితాలు, వేలిముద్రలు తీసుకుంటుంది కానీ, నిర్ణయం వేరే నగరాల్లోని దౌత్య కార్యాలయాలది. ఆ రోజులన్నీ పాస్‌పోర్టు మన దగ్గర ఉండదు కనుక, వెంటవెంటనే రెండు దేశాల్లో రెండు సదస్సులు ఒప్పుకోవడం సాహసమే.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలి? ఎక్కువ రోజులుండే దేశానికి, లేదా ప్రయాణ ముఖ్యోద్దేశం ఏ దేశంలోనో ఆ దేశానికి. తేల్చలేనప్పుడు ముందు అడుగుపెట్టే దేశానికి. వియన్నాలో మూడు రోజుల సదస్సు చూపించి ఇటలీలో వారం తిరగాలనుకుంటే ఆస్ట్రియా అధికారికి సందేహం రావడం సహజం. విహారం సదస్సు కంటే చిన్నదిగా ఉంచుకుంటే పేచీ ఉండదు.

రుసుము 2024 జూన్ 11 నుంచి 90 యూరోలు. చాలామంది అడగని సంగతి ఒకటుంది: శాస్త్ర పరిశోధనకో, శాస్త్ర సదస్సుకో వెళ్లే పరిశోధకులకు ఐరోపా వీసా నియమావళి 16వ అధికరణం ఈ రుసుమును మాఫీ చేసింది. వీసా దరఖాస్తు కేంద్రం తీసుకునే సేవా రుసుము మాత్రం కట్టాలి. మాఫీ దానంతటది రాదు, పరిశోధకుడినని చూపే సంస్థ లేఖ పెట్టి అడగాలి.

కాగితాల్లో అధికారి వెతికేది ముఖ్యంగా ఒకటే, ఈ మనిషి తిరిగి వెళతాడా అని. జీతం చీటీలు, ఆదాయపన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు, సెలవు మంజూరు లేఖ దానికోసమే. దరఖాస్తుకు ముందురోజు ఖాతాలో హఠాత్తుగా పడిన రెండు లక్షలు సాయం చేయకపోగా అనుమానం పెంచుతాయి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ అంతటా చెల్లేలా ఉండాలి. టికెట్టు పూర్తిగా కొనేయడం కంటే రిజర్వేషన్ చూపడం మేలు. భారతీయులకు 2024 ఏప్రిల్‌లో ఐరోపా సంఘం ఒక సడలింపు ఇచ్చింది. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్ల వీసా, ఆ తర్వాత ఐదేళ్లది పొందే వీలుంది. కాబట్టి గడువు దాటకుండా తిరిగిరావడం తర్వాతి సదస్సుకు పెట్టుబడి.

అన్నీ సరిగ్గా ఉన్నా వీసా రాకపోవచ్చు. 2018లో మాంట్రియల్‌లో జరిగిన న్యూరిప్స్ కృత్రిమ మేధ సదస్సుకు ఆఫ్రికా పరిశోధకులు పెద్దసంఖ్యలో వీసా దొరక్క వెళ్లలేకపోయారు. 2022లో అదే నగరంలో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సుకూ అదే గతి. ఏ దేశాల వ్యాధి గురించి చర్చో ఆ దేశాలవారే చాలామంది హాల్లో లేరు. ఐసీఎల్ఆర్ అనే మరో కృత్రిమ మేధ సదస్సు నిర్వాహకులు 2020 సదస్సును అడిస్ అబాబాలో తలపెట్టారు (కోవిడ్ వల్ల అది ఆన్‌లైన్‌కు మారింది), 2023లో కిగాలీలో జరిపారు. సదస్సు ఎక్కడ పెట్టాలన్నది శాస్త్రంలో ఎవరికి చోటిస్తామన్న ప్రశ్న కూడా. దూరం నుంచి సమర్పించే వీలు ఉంటుందా అని నిర్వాహకులను ముందే అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

అమెరికాకైతే బీ-1 వీసా, డీఎస్-160 ఫారం, 185 డాలర్ల రుసుము, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. అక్కడ కాగితాల కట్ట కంటే రెండు వాక్యాల్లో మీ పని చెప్పగలగడం ఎక్కువ పనికొస్తుంది.

దారి, సామాను

శంషాబాద్ నుంచి ఐరోపాకు వెళ్లేవారిలో చాలామంది దుబాయ్, దోహా, అబుదాబిల మీదుగా పోతారు. విమానం మారే చోట కూడా వీసా అడిగే దేశాలున్నాయి. లండన్ మీదుగా పోయే భారతీయులు ట్రాన్సిట్ వీసా నిబంధన చూసుకోవాలి. చవకని రెండు వేర్వేరు టికెట్లు కొంటే మధ్యలో సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి, అంటే ఆ దేశంలోకి ప్రవేశించాలి.

గల్ఫ్ దారిలో తెలుగువారు గుర్తుంచుకోవాల్సినవి గసగసాలు. మన మసాలాలో మామూలు దినుసు, యూఏఈలో నిషిద్ధ మత్తుపదార్థాల కోవలోకి వస్తుంది. సింగపూర్‌లోనూ నిషేధమే. ఇంట్లో కొట్టిన మసాలా పొడిని సామాన్లో పెట్టే ముందు అందులో ఏముందో వేసినవారిని అడగాలి. కోడీన్ ఉన్న దగ్గుమందుల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఐరోపా సంఘంలోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు కనుక నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉండాలి. ఆవకాయకు ఆ అడ్డు లేదు. ఆతిథేయులకిద్దామని బంగినపల్లి పళ్లు పట్టుకెళ్లాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి.

ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో సదస్సైతే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా చూసుకోవాలి. హైదరాబాద్‌లో దీన్ని నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే ధ్రువపత్రం చెల్లుతుంది, ఇక జీవితాంతం పనికొస్తుంది. టీకా లేకుండా ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపుతారు.

పోస్టర్ ఏ0 పరిమాణమైతే 84.1 × 118.9 సెంటీమీటర్లు. కాగితపు పోస్టర్ గొట్టం విమానంలో పెద్ద తలనొప్పి, గుడ్డ మీద అచ్చువేయిస్తే చొక్కాల మధ్య మడతపెట్టుకోవచ్చు. నిలువా అడ్డమా అన్నది అచ్చుకిచ్చే ముందే కనుక్కోవాలి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్ల వరకు అనుమతి అక్కర్లేదు. మన మూడు పుల్లల ల్యాప్‌టాప్ ప్లగ్గు ఐరోపా సాకెట్లలో దూరదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కుంటే చవక.

డబ్బు, చివరి లెక్కలు

ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకు మించి విదేశీ నోట్లు ఇవ్వరు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. అక్కడ కార్డు గీకినప్పుడు యంత్రం ‘రూపాయల్లో చెల్లిస్తారా’ అని అడిగితే వద్దనాలి. ఆ మారకం ధర దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. ఇక దిగే సమయం సంగతి: షెంగెన్ సరిహద్దుల్లో 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త విధానంలో వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు, అందుకు వరసలో సమయం పడుతుంది. పత్రం చదివే రోజు పొద్దున్నే దిగేలా టికెట్టు తీసుకోవద్దు.

తిరిగొచ్చాక బోర్డింగ్ పాసులు, హాజరు ధ్రువపత్రం, హోటల్ అసలు బిల్లు, విదేశీ మారకం కొన్న రసీదు లేకుండా ఏ సంస్థా డబ్బు ఇవ్వదు. పాసులు పారేయకండి, అక్కడే ఫోటో తీసి పెట్టుకోండి. మిగిలిన విదేశీ నోట్లలో 2,000 డాలర్ల విలువ వరకు దగ్గర ఉంచుకోవచ్చు. అంతకు మించినవి తిరిగొచ్చిన 180 రోజుల్లోగా బ్యాంకులో అప్పగించాలి.