జెండా పాటకు ముందు

నవంబరు తెల్లవారుజాము. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి కాజీపేట వైపు బండి కదిలింది. చలిగాలికి ఎదురు సీటాయన కిటికీ దించేశాడు. మౌలాలి, ఘట్‌కేసర్ చీకట్లోనే వెళ్లిపోయాయి. ఆలేరు దాటేసరికి వెలుగొచ్చింది. పట్టాల పక్కన పగిలిన కాయలతో పత్తి చేలు.

మీరు వెళ్తున్న ఈ దారి 1886లో వరంగల్ చేరింది. అంతకు ముందే, 1874లో, సికింద్రాబాద్‌ను వాడి జంక్షన్‌తో కలిపారు. వాడి నుంచి బొంబాయి రేవుకు రైలుంది. బొంబాయిలో ఓడెక్కిన పత్తికి ఆ రోజుల్లో ఒక పెద్ద గమ్యం ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్. ఈ పట్టాలు రాకముందే, 1861లో అమెరికా అంతర్యుద్ధంతో అక్కడి బేళ్లు ఆగిపోయి, లాంకషైర్ మిల్లులు మూతపడ్డప్పుడు లివర్‌పూల్ మన దేశం వైపు చూసింది. ధరలు ఆకాశానికి ఎక్కాయి. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది. చేలో పత్తి ఏరుకునే మనిషికి ఆ యుద్ధం ఎవరిదో కూడా తెలిసి ఉండదు.

వరంగల్‌లో దిగి ఆటో ఎక్కితే ఎనుమాముల మార్కెట్. ఆ రోజు ధర తేల్చే వేలం, జెండా పాటకు ఇంకా టైముంది. బస్తాల వరుసల మధ్య నడవండి. ఖరీదుదారు ఒక బస్తాలో చెయ్యి దూర్చి గుప్పెడు పత్తి తీశాడు. గింజ నుంచి దూది విడదీసి, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్ల మధ్య పట్టి లాగాడు. తెగిన పోగుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి మళ్లీ లాగాడు. పింజ పొడవు, బలం, మెరుపు అన్నీ ఆ నాలుగు క్షణాల్లోనే. మాట్లాడడు. పక్క బస్తాకు వెళ్లిపోతాడు.

లివర్‌పూల్ బ్రోకర్లూ నమూనా దూదిని ఇలాగే వేళ్లతో లాగి చూసేవారు. 1841లో వాళ్లు సంఘం పెట్టుకున్నారు. ఓడ ఇంకా సముద్రం మీద ఉండగానే సరుకు చేతులు మారే బేరాలు అక్కడ పెరిగాయి. రేవులో పత్తి దిగడం ఎప్పుడో తగ్గిపోయింది, కానీ రాతకోతలు అక్కడే మిగిలాయి. ఆ పాత సంఘమే ఇప్పుడు ఇంటర్నేషనల్ కాటన్ అసోసియేషన్. దేశాల మధ్య సాగే పత్తి ఒప్పందాల్లో అధికభాగం దాని నిబంధనల మీదే నడుస్తాయి. నాణ్యత మీద పేచీ వస్తే అమ్మిన కంపెనీ, కొన్న మిల్లు మధ్యవర్తుల ముందుకు వెళ్లవచ్చు. తీర్పు నచ్చకపోతే అప్పీలూ ఉంది.

ఇక్కడ ఎనుమాములలో ఒక పెద్దమ్మ బస్తాలో తేమ మీటరు గుచ్చారు. భారత పత్తి సంస్థ (సీసీఐ) లెక్కలో 8 శాతం వరకే పూర్తి మద్దతు ధర. పొడుగు పింజకు 2025-26లో అది క్వింటాకు 8,110 రూపాయలు. ఎనిమిది దాటితే కోత, పన్నెండు దాటితే కొనరు. అప్పుడు ప్రైవేటు వ్యాపారే దిక్కు, ధర అతను చెప్పిందే.

"ఎంతొచ్చింది పెద్దమ్మా?"

"పదమూడంట బిడ్డా. నిన్న మావూళ్లె చూపిస్తే పదకొండే ఉండె."

రెండు మీటర్లు, రెండు అంకెలు. కంపెనీకి కంపెనీ మీద పేచీ పెట్టుకునే వసతి నూరేళ్ల కిందటే ఏర్పడింది. ఏడాది కష్టం అమ్ముకోవడానికొచ్చిన ఈమెకు, ఇదే యార్డులో, ఇప్పుడే, ఎదురుగా ఇంకో మీటరుతో మళ్లీ కొలిపించుకునే హక్కు ఉండాలి. అడగడానికి ఇది పెద్ద కోరికేమీ కాదు.

పెద్దమ్మ కొడుకు బస్తా మూతి విప్పుతున్నాడు.

"ఆరబోద్దాం. పొద్దుగూకేలోపు మళ్లీ గుచ్చమందాం."