షేక్స్పియరు వంశవృక్షము: చర్చి పుస్తకములు, వీలునామాలు

చరిత్ర యనగా రాజుల దండయాత్రలును, రాజ్యముల యుత్థాన పతనములును మాత్రమే యని తలచువారు పెక్కుమంది కలరు. శాసనములును తామ్రపత్రములును దానమిచ్చిన ప్రభువును, దానము గొన్న పండితుని పేర్కొనును గాని, పొలము దున్నిన కాపును, తోలుపని చేసిన శ్రామికుని పేర్కొనుట అరుదు. అట్టి సామాన్య కుటుంబముల పుట్టుపూర్వోత్తరములను నాలుగు వందల యేండ్ల వెనుకకు వెదకి తెలిసికొనుట సాధ్యమా? ఇంగ్లండు దేశమున నిది చాలవరకు సాధ్యమైనది. అందులకు సాధనములు రెండు. మొదటిది చర్చిలలో వ్రాసి యుంచిన జ్ఞానస్నాన, వివాహ, ఖననముల పుస్తకము. రెండవది వీలునామా.

ఈ రెండును కలిసి పనిచేయు విధమును గ్రహించుటకు విలియం షేక్స్పియరు కుటుంబమును మించిన యుదాహరణము దొరకుట కష్టము. వీరేశలింగం పంతులుగా రాతని హాస్యనాటక మొకదానిని 'చమత్కార రత్నావళి' యను పేర తెలుగు చేసిన నాటినుండియు ఆ మహాకవి ఆంధ్రులకు పరిచితుడే. అయిన నాతడు గొప్ప వంశమున పుట్టినవాడు కాడు. చేతితొడుగులు కుట్టి యమ్మిన జాను కుమారుడు. రిచర్డు అను కౌలురైతు మనుమడు. కవి కీర్తి కొఱకై యెవరును ఆ కుటుంబ చరిత్రను ముందుగా వ్రాసి యుంచలేదు. ఊరివారందరికి వ్రాసినట్లే వారికిని వ్రాసిన చిన్న చిన్న పద్దులే నేటికి ఆధారములైనవి.

ఇంగ్లండున ఒక్కొక్క చర్చికి లోబడిన గ్రామ పరిధిని పారిష్ అందురు. 1538లో ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రియైన థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌నందును ఒక పుస్తకము నుంచి, జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను ప్రతి ఆదివారము వ్రాయవలెనని యాజ్ఞాపించెను. ఆ పుస్తకము నుంచుటకు రెండు తాళముల పెట్టె యొకటి; ఒక తాళపుచెవి మతగురువు వద్దను, రెండవది చర్చి పెద్దల వద్దను ఉండవలెను. వ్రాయుట మానినచో 3 షిల్లింగుల 4 పెన్నీల జుల్మానా. క్రొత్త పన్ను వేయుటకే యీ యేర్పాటని ప్రజలు భయపడిరి. పన్ను రాలేదు గాని, వారి పేర్లు మాత్రము నిలిచినవి.

మొదటి పుస్తకములు పెక్కు కాగితముపై వ్రాసినవగుటచే చెడిపోయినవి. అందుచే 1598లో ఎలిజబెత్తు రాణి కాలమున, పాత పద్దులను తోలుపత్రములపైకి ఎత్తి వ్రాయవలెననియు, ఏటేట ఒక నకలును బిషప్పునకు పంపవలెననియు ఉత్తరువు వెలువడెను. ఆమె రాజ్యమునకు వచ్చిన 1558 నుండియైనను తప్పక ఎత్తి వ్రాయవలెనని యందు చెప్పిరి. స్ట్రాట్‌ఫర్డు పట్టణపు పుస్తకము 1558తో మొదలగుటకు కారణ మిదియే. 1564 నాటి పుటపై చాలకాలము పిదప వచ్చిన మతగురువు సంతకముండుట చూచి కొందరు సందేహించిరి. ఆ పుట అసలు గాక 1600 ప్రాంతమున వ్రాసిన నకలని తెలిసిన వెంటనే ఆ సందేహము తీరుచున్నది. పద్దును చదువుటకు ముందు ఆ పద్దు ఎప్పుడు, ఎవరు, ఏల వ్రాసిరో తెలిసికొనవలెనని దీనివలన స్పష్టము.

తేదీల విషయమునను జాగరూకత వలయును. 1752 వరకు ఇంగ్లండున సంవత్సరాది మార్చి 25వ తేది. జనవరి, ఫిబ్రవరి నెలలును, మార్చిలో చాల భాగమును పాత సంవత్సరము క్రిందనే లెక్క. షేక్స్పియరు కవల బిడ్డల జ్ఞానస్నానము పుస్తకములో 1584 ఫిబ్రవరి 2గా నున్నను, నేటి లెక్కకు అది 1585. ఈ భేద మెరుగనివాడు బిడ్డను తల్లిదండ్రుల వివాహమునకు ముందే పుట్టించు ప్రమాదము కలదు.

ఇక వీలునామా. 1858 వరకు ఇంగ్లండున వీలునామాలను రూఢిపరచు అధికారము ముఖ్యముగా చర్చి న్యాయస్థానములదే. సాధారణముగా స్థానిక బిషప్పు న్యాయస్థానమున ఆ పని జరుగును. ఆస్తి ఒకరికంటె నెక్కువ బిషప్పుల పరిధులలో నున్నచో ఆర్చిబిషప్పు న్యాయస్థానమునకు పోవలెను. వీలునామాతోపాటు ఇరుగుపొరుగువారు మృతుని యింటికి వచ్చి, పశువులు, ధాన్యము, మంచములు, పాత్రలు లెక్కించి వెలకట్టిన జాబితాయు దాఖలగుచుండెను. చర్చి పుస్తకము ఎవరు ఎప్పుడు పుట్టిరో చెప్పును. వీలునామా ఎవరికెవరేమగుదురో చెప్పును. దానికి లోపములు లేకపోలేదు. ఏమియు లేని పేదవానికి వీలునామా లేదు. భర్త యున్న స్త్రీకి 1882 నాటి చట్టము వరకు భర్త యనుమతి లేక వీలునామా వ్రాయు హక్కు లేదు.

కవి తల్లి మేరీ ఆర్డెను. ఆమె జననమునకుగాని, వివాహమునకుగాని పద్దు లేదు. అయినను ఆమె తండ్రి రాబర్టు ఆర్డెను 1556 నవంబరు 24న వ్రాసిన వీలునామా నిలిచియున్నది. అందు కడగొట్టు కుమార్తె మేరీకి విల్మ్‌కోటు గ్రామములోని ఆస్బీస్ అను భూమిని, పది మార్కుల ధనమును, అనగా 6 పౌన్ల 13 షిల్లింగుల 4 పెన్నీలను ఇచ్చి, వీలునామాను అమలుజరుపువారిలో నామెను ఒకతెగా నియమించెను. ఎనమండుగురు కుమార్తెలు గల యింట కడసారి బిడ్డపై తండ్రి యుంచిన నమ్మకమునకు ఇది తార్కాణము. అప్పటికామె అవివాహిత. ఆమె మొదటి బిడ్డ జోను జ్ఞానస్నానము స్ట్రాట్‌ఫర్డు పుస్తకములో 1558 సెప్టెంబరు 15న కలదు. కావున వివాహము ఆ రెండు తేదీల నడుమ జరిగినదని తేలుచున్నది. లేని పద్దును ఉన్న పద్దులు పూరించు విధము ఇట్టిది.

ఆర్డెను ఆస్తి జాబితాలో ఎనిమిది యెద్దులు, గోడలకు వ్రేలాడదీయు చిత్రపటముల వస్త్రములు కనబడుచున్నవి. దాని మొత్తము 77 పౌన్లు 11 షిల్లింగులు 10 పెన్నీలు. స్నిటర్‌ఫీల్డు గ్రామమున ఆతని భూమినే కౌలుకు చేసిన రిచర్డు షేక్స్పియరు 1561 ఆరంభమునకే మరణింపగా, ఆతని ఆస్తి 38 పౌన్ల 17 షిల్లింగులుగా తేలెను. కౌలురైతు కొడుకు భూస్వామి కూతురిని పెండ్లాడెనని ఈ రెండు కాగితములు ప్రక్క ప్రక్కన నుంచి చూచిన గాని తెలియదు.

రిచర్డునకు పూర్వము మార్గము మూసికొనిపోయినది. 1529 నుండి ఆతడు స్నిటర్‌ఫీల్డున నున్నట్లు కలదు. ఆతని తండ్రి యెవరో నిరూపణ కాలేదు. 1596లో జానునకు వంశచిహ్నము నొసగిన సందర్భమున, ఆతని పూర్వికులు ఏడవ హెన్రీ రాజును సేవించి బహుమానము పొందిరని వ్రాసిరి. కాని అట్టి బహుమానమునకు రాజపత్రములలో ఆధారము దొరకలేదు. గౌరవము కోరి వ్రాయించుకొన్న మాట వేరు, జుల్మానాకు వెరచి వ్రాసిన పద్దు వేరు.

జాను మేరీలకు ఎనమండుగురు బిడ్డలు. మొదటి జోను మరణించినట్లు పుస్తకములో లేదు. కాని 1569 ఏప్రిల్ 15న మరల జోను అను పేరుతోనే మరియొక బిడ్డకు జ్ఞానస్నానము జరిగినది. పోయిన బిడ్డ పేరును పిదప పుట్టిన బిడ్డకు పెట్టుట ఆనాటి యాచారమగుటచే, మొదటి జోను అప్పటికే లేదని పండితులు నిర్ణయించిరి. రెండవ బిడ్డ మార్గరెట్టు 1562 డిసెంబరులో వచ్చి, 1563 ఏప్రిల్‌లో పోయినది. విలియం జ్ఞానస్నానము 1564 ఏప్రిల్ 26న. ఆ యేడే జూలై నెల పద్దుల చెంత మహామారి ప్రవేశించినదని లాటిను భాషలో నొక చిన్న మాట కలదు. ఆ యేడు ఆ చిన్న పట్టణమున రెండువందలకు పైగా జనులు మరణించిరి. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొన్న ఆ తల్లి చేతిలో నప్పుడు మూడు నెలల విలియం ఉండెను.

విలియం వివాహమునకు చర్చి పద్దు దొరకలేదు. బిషప్పు కచేరి పుస్తకములో 1582 నవంబరు 27న ఆతనికిని ఆన్ వాట్లీ యను నామెకును అనుమతి యిచ్చినట్లున్నది. మరునాటి 40 పౌన్ల పూచీకత్తు పత్రములో వధువు ఆన్ హాథవే! దీనిని బట్టి కొందరు ఇద్దరు స్త్రీల కథ నల్లిరి. అయితే ఆ దినమే వాట్లీ యను వేరొకని వ్యవహారము ఆ కచేరిలో నడిచినది. వ్రాసిన గుమాస్తా పొరబాటు పడెనని పెక్కుమంది పండితుల యభిప్రాయము. 1581లో రిచర్డు హాథవే వ్రాసిన వీలునామాలో ఆగ్నెస్ అను కుమార్తెకు పెండ్లినాడు పది మార్కు లీయవలెనని యున్నది. ఆగ్నెస్, ఆన్ అనునవి ఆనాడు ఒకే పేరుగా వాడబడుచుండెను. పూచీపడిన సాండెల్స్, రిచర్డ్‌సన్ అను రైతులిద్దరును ఆ వీలునామాలో కనబడుదురు. హాథవేల గొఱ్ఱెలకాపరి థామస్ విటింగ్టను 1601లో వ్రాసిన వీలునామాయు నొకటి కలదు. షేక్స్పియరు భార్య ఆన్ వద్దనున్న తన 40 షిల్లింగులను పేదల కీయవలెనని యాతడు చెప్పెను. మహాకవి భార్యను గూర్చి సాక్ష్యమిచ్చినవాడు ఒక గొఱ్ఱెలకాపరి.

వారికి 1583లో సుసానా, 1585లో హామ్నెట్టు, జూడిత్తు అను కవలలు. 1596 ఆగస్టు 11న హామ్నెట్టు ఖననము వ్రాయబడినది. పదునొకండేండ్ల కుమారుని మరణము ఒక్క పంక్తి! ఆ దుఃఖమును గూర్చి ఆ పుస్తకము మరేమియు చెప్పదు.

1616 ఫిబ్రవరి 10న జూడిత్తు థామస్ క్వైనీని వివాహమాడెను. మార్చి 15న మార్గరెట్టు వీలరు అను స్త్రీ ఖననమును, ఆమె బిడ్డ ఖననమును అదే పుస్తకమున గలవు. ఆ బిడ్డకు కారకుడు క్వైనీయే యని మార్చి 26న చర్చి న్యాయస్థానమున విచారణ జరిగినది. సరిగా దాని ముందటి దినమున, మార్చి 25న, కవి తన వీలునామాను మార్చెను. జనవరి అను మాట కొట్టివేసి మార్చి యని వ్రాసిరి. అల్లుని ప్రస్తావనను కొట్టివేసి జూడిత్తు పేరు చేర్చిరి. ఆమెకిచ్చిన ధనములో పెద్ద భాగము అల్లుని చేతికి సులభముగా పోకుండ షరతులు పెట్టిరి. ఏ కాగితమును తండ్రి మనోవేదన యిదియని చెప్పదు. కాని మూడు కాగితముల తేదీలు ప్రక్కప్రక్కన చేరినప్పుడు అది కనబడక మానదు. నెల తిరిగిన పిదప, ఏప్రిల్ 25న, కవి ఖననము.

ఆ వీలునామాలో మరియొక చిన్న విషయము కలదు. చెల్లెలు జోను హార్ట్ ముగ్గురు కొడుకులకు తలకు 5 పౌన్లు ఇచ్చుచు, విలియం, మైకేల్ అను పేర్లు వ్రాయించి, నడిమివాని పేరు తోచక కాబోలు, ఖాళీ విడిచిరి. ఆ ఖాళీ నేటికిని ఖాళీయే. ఆ బాలుని పేరు థామస్ అని 1605 జూలై 24 నాటి జ్ఞానస్నాన పద్దు చెప్పుచున్నది. 1670లో మనుమరాలు ఎలిజబెత్తు మరణముతో కవి స్వంత సంతతి అంతరించెను. ఆమె వీలునామా వలన కవి పుట్టిన యిల్లు ఆ థామస్ సంతతికే చేరి, 1806 వరకు వారియొద్దనే యుండెను. 1847లో ప్రజలు చందాలిచ్చి ఆ యింటిని కొని కాపాడిరి. మేనమామ వీలునామాలో పేరైనను లేని బాలుని సంతతి వలననే ఆ కుటుంబము నిలిచినది!

ఈ పరిశోధన నేటికిని ముగియలేదు. మేరీ ఆర్డెను ఇల్లని చాలకాలము యాత్రికులు దర్శించిన విల్మ్‌కోటు భవనము, పాత పత్రములను పరిశీలింపగా, పొరుగువాడైన ఆడం పామర్‌దని 2000 సంవత్సరమున తేలినది. నిజమైన ఆర్డెను ఇల్లు ప్రక్కనే సామాన్యమైన కాపుటిల్లుగా నుండెను. రెండువందల యేండ్ల నానుడిని కొన్ని పాత కాగితములు త్రోసిపుచ్చినవి.

కవి వీలునామా నేడు లండను ప్రాంతమున క్యూలోని జాతీయ పత్రాగారమున భద్రముగా నున్నది. ఇట్టి పత్రములు నిలిచినది పండితుల వలన మాత్రమే కాదు. రెండు తాళముల పెట్టెను కాచిన గ్రామ పెద్దలు, ఆదివారము నాడు విసుగుతోనైనను ఒక పంక్తి వ్రాసిన గురువులు వాటిని నిలిపిరి. ఏ బిడ్డ ఏమగునో వారెరుగరు. అందుచే ప్రతి బిడ్డ పేరును వ్రాసిరి. గ్రామములందు నేడు వ్రాయబడు జనన మరణముల పద్దులను, ఇంటి పెట్టెలలోని దస్తావేజులను, పాత యుత్తరములను చెదలపాలు చేయక కాపాడువారు చేయుచున్న పనియు అట్టిదే. ఎవరి వీలునామాలోనో మిగిలిన ఖాళీని ఏనాడో ఆ పద్దులే పూరింపగలవు.