పుట్టిన మట్టా, తండ్రి కాగితమా?

2025 జనవరి 20న ట్రంప్ ఒక హుకుంనామా మీద దస్తఖత్ చేశాడు. తల్లి కాగితాలు లేకుండా అమెరికాలో ఉన్నా, వీసా మీద తాత్కాలికంగా ఉన్నా, తండ్రి పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవాడో కాకపోతే ఆ గడ్డ మీద పుట్టిన బిడ్డకు పౌరసత్వం లేదన్నది దాని సారాంశం. అప్పటిదాకా "అక్రమ వలస" అంటే మెక్సికో వాళ్ల మామ్‌లా అనుకున్న మన తెలుగు హెచ్-1బి కుటుంబాలు ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాయి. కోర్టులు వెంటనే అడ్డుపడ్డాయి గానీ బహస్ మాత్రం ఆగలేదు. ఈ బహస్ కొత్తది కాదు. దీని తారీఖ్ చూస్తే నాకు ఒక్క మాటే పదే పదే కనిపిస్తుంది: చేతులు కావాలి, మనిషి వద్దు.

1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు నల్లవాళ్లు బానిసలైనా, ఆజాద్ అయినా ఆ దేశ పౌరులు కాలేరని ఫైసలా ఇచ్చింది. ఆ జుల్మ్‌ను తుడిచేయడానికి అంతర్యుద్ధం జరగాల్సి వచ్చింది. 1868లో వచ్చిన 14వ సవరణ అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధిలో ఉన్నవాళ్లందరూ పౌరులేనని రాసింది.

ఆ సవరణ బానిసల ఔలాద్ కోసమే గానీ పరదేశీల పిల్లల కోసం కాదని ఇప్పుడు కొందరి దలీల్. కానీ 1866లో సెనేట్‌లోనే ఈ సవాల్ వచ్చింది. పెన్సిల్వేనియా సెనేటర్ ఎడ్గార్ కోవన్, చైనావాళ్ల పిల్లలు, జిప్సీల పిల్లలు కూడా పౌరులవుతారా అని అభ్యంతరం లేపాడు. కాలిఫోర్నియా సెనేటర్ జాన్ కాన్నెస్ లేచి, అవును, చైనావాళ్ల పిల్లలకూ ఆ హక్కు ఉండాల్సిందేనన్నాడు. కాన్నెస్ కూడా ఐర్లండ్‌లో పుట్టి వచ్చిన ముహాజిరే. అంటే తెలిసే రాశారు, పొరపాటున కాదు.

ఆ రోజుల్లోనే సెంట్రల్ పసిఫిక్ కంపెనీ సియెర్రా కొండలు తొలిచి రైలుమార్గం వేస్తోంది. మజ్దూర్లలో అత్యధికులు చైనావాళ్లే, వేలల్లో ఉన్నారు. 1869లో పట్టాలు కలిశాయి. పని అయిపోయాక, మందగమనం వచ్చాక, "మా కూలీ రేట్లు పడగొడుతున్నారు" అన్న కేకలు మొదలయ్యాయి. 1882లో చైనా కూలీల రాకను నిషేధించే కానూన్ వచ్చింది. అప్పటికే అక్కడున్న చైనావాళ్లకు పౌరసత్వపు దర్వాజా మూసేసింది కూడా అదే కానూన్.

వాంగ్ కిమ్ ఆర్క్ శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. వంటపని చేసేవాడు. చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కావని నెలల తరబడి ఓడల్లోనే నిర్బంధించారు. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1898లో ఆరుగురు జడ్జీలు అతని వైపు, ఇద్దరు వ్యతిరేకంగా నిలిచారు. పుట్టిన గడ్డే పౌరసత్వమని తేలింది.

ఈ ఫైసలా ఎంత పనికొచ్చిందో చూడండి. 1913లో కాలిఫోర్నియా, పౌరులయ్యే అర్హత లేని ఆసియావాళ్లు సాగుభూమి కొనకూడదంది. రివర్‌సైడ్ పట్టణంలో జుకిచి హరాదా అనే జపాన్ హోటలు యజమాని 1915లో అమెరికాలో పుట్టిన తన పిల్లల పేర ఇల్లు కొన్నాడు. ప్రభుత్వం కేసు పెట్టింది. 1918లో కోర్టు పిల్లల హక్కును నిలబెట్టింది. ఇంపీరియల్ వ్యాలీలో కొందరు పంజాబీ రైతులు కూడా మెక్సికన్ భార్యలకు పుట్టిన పిల్లల పేర్ల మీదే జమీన్ పెట్టుకున్నారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు "తెల్లవాళ్లు" కారని, పౌరసత్వం పొందలేరని కోర్టు అన్నాక తండ్రులకు అన్ని దారులూ బంద్. బిడ్డ పుట్టుక ఒక్కటే మిగిలింది.

ఇక ఖర్చు లెక్క. 1942 నుంచి 1964 దాకా బ్రసెరో పథకం కింద అమెరికా దాదాపు 46 లక్షల కాంట్రాక్టులతో మెక్సికో కూలీలను పొలాలకు పిలిపించుకుంది. స్థానికుల కూలీ పెరుగుతుందని చెప్పి దాన్ని ఎత్తేశారు. తర్వాత ఆర్థికవేత్తలు లెక్క చూస్తే కూలీ పెరిగిన దాఖలా లేదు. టమాటా రైతులు కోత యంత్రాలు కొన్నారు. కూలీల రాక మాత్రం ఆగలేదు. నిన్న కాంట్రాక్టుతో మెహమాన్ అయినవాడే ఇవాళ కాగితం లేక ముజ్రిం అయ్యాడు.

వలసల వల్ల నష్టమే లేదని నేననను. 2016లో అమెరికా నేషనల్ అకాడమీస్ నివేదిక చెప్పినట్టు, తక్కువ చదువున్న కూలీలకూ, ముందే వచ్చిన వలసదారులకూ కొంత దెబ్బ తగులుతుంది. పిల్లల బడి ఖర్చు రాష్ట్రాల మీద పడుతుంది. కానీ అదే నివేదిక, అక్కడ పుట్టిన రెండో తరం ఖజానాకు అందరికన్నా ఎక్కువ జమచేసే వర్గాల్లో ఒకటని కూడా చెప్పింది. ఖర్చు పెట్టి చదివించి, కమాయీ మొదలయ్యే వేళకు "నువ్వు మావాడివి కాదు" అంటే అది ఏం హిసాబ్?

మన ముల్క్‌లోనూ ఈ దర్వాజా మెల్లగా మూసుకుంది. 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుడితే చాలు. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి రెండోవారు అక్రమ వలసదారు కూడా కాకూడదు. దీని అసలు బరువు అక్రమంగా వచ్చినవాడి మీదే పడదు, నిరుపించుకోవాల్సిన ప్రతి గరీబు మీదా పడుతుంది. మా ఇళ్లలో పెద్దవాళ్లను పుట్టిన తేదీ అడిగితే "పోలీస్ యాక్షన్‌కి ముందు ఏడాది" అనేవారు. అలాంటి ఇంట్లో బిడ్డ తన వాలిదైన్ కాగితాలు ఎక్కడి నుంచి తేవాలి?

సరహద్దు కాపాడుకోవడం ఏ హుకూమత్‌కైనా హక్కే. దొంగదారిన వచ్చినవాడిని విచారించు, ఫైసలా చెయ్యి. కానీ పుట్టిన బిడ్డ ఏ సరహద్దూ దాటలేదు. బానిసత్వం తల్లి నుంచి బిడ్డకు వారసత్వంగా వచ్చే జమానాను ముగించడానికే అమెరికా ఆ వాక్యం రాసుకుంది. దాన్ని చెరిపేస్తే పొలాల్లో, వంటగదుల్లో తరతరాలుగా పనిచేసే, ఏ ముల్క్‌కూ చెందని ఒక కొత్త జాతి తయారవుతుంది. చేతులు కావాలి, మనిషి వద్దు అనేవాళ్లకు అంతకన్నా చవక మజ్దూర్ ఎక్కడ దొరుకుతాడు?