కుందేలు ఎందుకు కరిచింది?

మీ ఇల్లు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉందనుకోండి. నాలుగు నెలల క్రితం మీకో తెల్ల కుందేలు పిల్లను కొనిపెట్టారు. నిన్నటిదాకా అది ఒళ్లో ఒదిగి కూర్చుని క్యారెట్ ముక్క కొరుక్కు తిన్నది. ఈ రోజు గిన్నె తీద్దామని పంజరంలోకి చెయ్యి పెట్టగానే గుర్రుమంటూ మీదికి దూకి వేలు కరిచింది. రక్తం కూడా వచ్చింది.

ఇంట్లో అంతా హడావిడి. "అయ్యో, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకోవాలి" అంటారు పక్కింటి పిన్నిగారు. గార్డుగా పనిచేసి రిటైరైన తాతయ్య, "కరిచేదాన్ని ఇంట్లో ఎందుకే? తీసుకెళ్లి అర్పా నది ఒడ్డున వదిలేసి రా" అంటారు. మీకేమో వేలు నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ బాధగా ఉంటుంది.

కంగారు పడకండి. పెద్దవాళ్లిద్దరి మాటల వెనుకా చాలా చరిత్ర ఉంది. దాన్ని కాస్త తెలుసుకుంటే ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

పద్నాలుగు సూదుల సంగతి

ముందు పిన్నిగారి భయం చూద్దాం. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గరికి జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. పిచ్చికుక్క అతణ్ని చాలాచోట్ల కరిచింది. ఆ రోజుల్లో అలాంటి కాటుకు మందు లేదు. పాశ్చర్ దగ్గర మాత్రం ఒక కొత్త పదార్థం ఉంది. అది దేనితో తయారైందో తెలుసా? కుందేలు వెన్నుపాముతో!

పాశ్చర్, ఆయన సహచరుడు ఎమిల్ రూ రేబిస్ వ్యాధిని ఒక కుందేలు నుంచి మరో కుందేలుకు ఎక్కిస్తూ పోయారు. ఆ వ్యాధితో చనిపోయిన కుందేళ్ల వెన్నుపామును పొడిగాలిలో ఆరబెట్టారు. ఎన్ని రోజులు ఆరితే దాని తీవ్రత అంత తగ్గుతుంది. మీస్టర్‌కు మొదట బాగా ఆరినది, తర్వాత రోజురోజుకూ తక్కువ ఆరినది ఎక్కించారు. అబ్బాయి బతికాడు. అంటే మనుషులను ఈ జబ్బు నుంచి కాపాడిన మొదటి టీకా కుందేలు ప్రాణంతో వచ్చింది.

మన దేశంలో ఈ చికిత్స కోసం 1900లో కసౌలిలో, 1907లో కూనూర్‌లో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ మరో టీకా తయారుచేశాడు. వ్యాధి సోకిన జంతువు మెదడు కణజాలాన్ని కార్బాలిక్ ఆమ్లంతో నిర్వీర్యం చేసి దాన్ని తీసేవారు. తర్వాతి కాలంలో మన దేశంలో ఇందుకు గొర్రెల మెదడు వాడారు. దాన్నే పొట్ట మీద రోజుకొకటి చొప్పున చాలా రోజులు పొడిచేవారు. పిన్నిగారికి గుర్తున్నది ఆ సూదులే. 2005 నాటికి మన దేశంలో ఆ టీకాను మానేశారు. ఇప్పటివి ప్రయోగశాలలో పెంచిన కణాలతో తయారవుతాయి. వాటిని చేతికి, అదీ కొద్దిసార్లే ఇస్తారు.

ఇంతకూ కుందేలు కాటుకు ఆ టీకా అవసరమా? ఇంట్లోనే పెరిగే కుందేలు నుంచి మనిషికి రేబిస్ రావడం బహు అరుదు. ఎలుక, ఉడుత, కుందేలు కరిస్తే ఈ టీకా అవసరం సాధారణంగా ఉండదని మన దేశంలో వైద్యులు పాటించే సూచనలు చెబుతాయి. అలాగని గాయాన్ని వదిలేయకూడదు. కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. డాక్టరుకు చూపించండి. ధనుర్వాతం సూది కావాలేమో ఆయన చెబుతారు. మీ కుందేలు బయట తిరిగిందా, దాన్ని కుక్కగానీ మరే జంతువుగానీ కరిచిందా, జబ్బుగా ఉందా అన్నది దాచకుండా చెప్పండి. కుక్కో పిల్లో కోతో కరిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు.

అర్పా ఒడ్డున వదిలేయవచ్చా?

ఇక తాతయ్య మాట. తెలుగులో మనం రెండు వేరువేరు జంతువులను ఒకే పేరుతో కుందేలు అంటాం. కొన్ని ఊళ్లలో రెంటినీ చెవులపిల్లి అని కూడా అంటారు. ఛత్తీస్‌గఢ్ పొలాల్లో, తుప్పల్లో తిరిగేది అడవి కుందేలు. అది బొరియ తవ్వదు, గడ్డిలోనే పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. మీ ఇంట్లోది వేరే జాతి. దాని పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల్లో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికినవి. వాటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి.

తెల్లగా మెరిసే ఆ జీవిని నది ఒడ్డున వదిలితే ఏమవుతుంది? దాక్కోవడానికి బొరియ లేదు, హెచ్చరించడానికి తోడు లేదు. కుక్క కంటో గద్ద కంటో పడడానికి ఎక్కువసేపు పట్టదు.

ఒకవేళ బతికి పిల్లలు పెట్టినా కష్టమే. 1420 ప్రాంతంలో పోర్చుగీసువారు అట్లాంటిక్ సముద్రంలోని పోర్టో శాంటో అనే చిన్న దీవిలో ఒక తల్లి కుందేలును, ఓడలోనే పుట్టిన దాని పిల్లలను వదిలారు. అవి ఎంతగా పెరిగాయంటే, అక్కడ స్థిరపడదామని వచ్చినవాళ్లకు పంటలు దక్కలేదు. 1859లో ఆస్ట్రేలియాలో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండు నుంచి తెప్పించిన కుందేళ్లు ఖండమంతా వ్యాపించి పొలాలనూ పచ్చికనూ నాశనం చేశాయి. కాబట్టి వదిలేస్తే అది చావాలి, లేదా ఇతరులకు చేటు తేవాలి. ఆ రెండూ మనకు వద్దు.

సగం మచ్చికైన జంతువు

మరి మచ్చికైన జంతువు యజమానినే ఎందుకు కరిచింది? కుక్క మనతో కనీసం 14 వేల ఏళ్లుగా ఉంటోంది. కుందేలు ఇంటిది కావడం మాత్రం చాలా ఆలస్యంగా జరిగింది. రోమన్లు ప్రహరీగోడల మధ్య తోటల్లో కుందేళ్లను ఉంచేవారని క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో వారో అనే రచయిత వివరించాడు. అయితే అవి మాంసం కోసం దాచిన అడవి జంతువులే గానీ ఒళ్లో కూర్చునేవి కావు.

క్రీస్తుశకం 600 ప్రాంతంలో పోపు ఒక ఆజ్ఞ ఇవ్వడం వల్ల ఫ్రాన్సు సన్యాసులు కుందేళ్లను మచ్చిక చేశారని చాలా పుస్తకాల్లో కనిపించేది. 2018లో పరిశోధకులు పాత గ్రంథాలు వెదికి చూస్తే అలాంటి ఆజ్ఞే దొరకలేదు. ఒకరి పొరపాటును మరొకరు రాసుకుంటూ పోయారన్నమాట! మచ్చిక ఒక్క రోజున, ఒకరి చేతుల మీదుగా జరగలేదు. వందల ఏళ్లు మెల్లగా సాగింది. రంగురంగుల పెంపుడు రకాలు ఎక్కువగా గత మూడు వందల ఏళ్లలో వచ్చినవే.

1868లో అచ్చయిన పుస్తకంలో డార్విన్ కుందేళ్ల పుర్రెలను కొలిచి, ఒంటి బరువుతో పోలిస్తే పెంపుడు కుందేలు మెదడు చిన్నదని చూపించాడు. పోర్టో శాంటో నుంచి లండన్ జంతుప్రదర్శనశాలకు వచ్చిన కుందేళ్లు విపరీతమైన బెదురుతో ఉన్నాయని కూడా రాశాడు. 2014లో శాస్త్రజ్ఞులు జన్యువులను పోల్చి చూశారు. కుందేలును మచ్చిక చేసిన జన్యువు ఏ ఒక్కటో కాదు. మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఎన్నో చోట్ల చిన్న చిన్న మార్పులు కనిపించాయి. 2018లో ఎనిమిది అడవి, ఎనిమిది పెంపుడు కుందేళ్ల మెదళ్లను ఎమ్మారై యంత్రంతో పరీక్షించారు. పెంపుడువాటిలో భయాన్ని పుట్టించే అమిగ్డలా అనే భాగం చిన్నది. ఆ భయాన్ని అదుపు చేసే ముందుభాగం కాస్త పెద్దది.

గమనించండి, భయం తగ్గిందే గానీ పోలేదు. మీరు పై నుంచి చెయ్యి దించితే కుందేలుకు అది గద్దలా తోస్తుంది. పారిపోదామంటే పంజరంలో దారి లేదు. దానికి మిగిలింది పళ్లే.

ఏం చేయాలి?

కుందేలు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. వెనుక నుంచి వచ్చేదాన్ని కూడా చూస్తుంది గానీ సరిగ్గా ముక్కు ముందున్నది దానికి కనబడదు. చువ్వల సందులోంచి వేలు పెడితే అది వేలో ముల్లంగి ముక్కో తెలియక కొరుకుతుంది. పైగా ఆ ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఎలుకలకు పైన రెండే ముందు పళ్లుంటే, కుందేలుకు వాటి వెనుక మరో రెండు చిన్నవి ఉంటాయి. ఈ తేడా వల్లే 1912లో కుందేళ్లను ఎలుకల వర్గం నుంచి విడదీశారు.

వయసు కూడా చూడాలి. నాలుగు నుంచి ఆరు నెలలకు కుందేలు ఈడుకు వస్తుంది. అప్పుడు తన చోటును, తన గిన్నెను కాపాడుకోవాలని చూస్తుంది. చూలుతో ఉన్నదైతే గూటి దగ్గరికి ఎవరినీ రానివ్వదు. ఎప్పుడూ కరవనిది హఠాత్తుగా కరిస్తే పంటినొప్పో, ఒంట్లో మరో బాధో ఉండవచ్చు. పశువైద్యుడికి చూపించండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ కోపం తగ్గుతుందేమో కూడా ఆయన్నే అడగండి.

కొట్టకండి, అరవకండి, చెవులు పట్టి ఎత్తకండి. దెబ్బ తిన్న కుందేలుకు మీ చెయ్యి నిజంగానే గద్ద అవుతుంది. పంజరం తలుపు తెరిచి, అది తనంతట తాను బయటికి వచ్చాకే గిన్నె తీయండి. నేల మీద కూర్చుని అరచేతిలో పచ్చగడ్డి పట్టుకుని, అదే మీ దగ్గరికి వచ్చేదాకా ఆగండి. ఎత్తవలసి వస్తే ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి వెనుక కాళ్ల కింద ఉండాలి. పంజరం ఇరుకుగా ఉంటే పెద్దది చేయించండి. రోజూ కొంతసేపు గదిలో తిరగనివ్వండి. దాని అసలు తిండి గడ్డే, క్యారెట్ ఎప్పుడో ఒక ముక్క చాలు.

ఇంకో పని చేయండి. బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో తాతయ్య డ్యూటీలో ఉన్న రోజుల్లో పుస్తకంలో రాసుకునేవారు. మీరూ అలాగే ఒక నోటుపుస్తకం పెట్టండి. కుందేలు గుర్రుమన్న ప్రతిసారీ తేదీ, సమయం, మీ చెయ్యి ఏ వైపు నుంచి వెళ్లింది, గిన్నె దగ్గరా గూటి దగ్గరా అన్నది రాయండి. మూడు వారాల తర్వాత ఆ పేజీలు తాతయ్యకు చూపించి, వదిలేయాలో ఉంచుకోవాలో అప్పుడు ఆయన్నే అడగండి.