నిజనిర్ధారణ

పోలీసు కాల్పులు, లాకప్ మరణాలు, దాడులు జరిగిన ఊరికి వెళ్లి, అధికారులు చెప్పినదాన్ని అక్కడివాళ్ల మాటతో సరిచూసి, తేలిన సంగతిని జనం ముందు పెట్టే పౌరహక్కుల సంఘాల పద్ధతి.

1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. ఎమర్జెన్సీ ఎత్తేశాక, 1977లో మాజీ న్యాయమూర్తి తార్కుండే నాయకత్వంలోని కమిటీ వచ్చి విచారించి, వాళ్లను చెట్లకు కట్టేసి కాల్చారని తేల్చింది. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన భార్గవ కమిషన్ ముందు న్యాయవాది కన్నబిరాన్ ఈ కేసు వాదించారు. ఆ విచారణ చివరిదాకా సాగలేదు.

పోలీసు ప్రకటనలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి: గాలింపు, అవతలినుంచి కాల్పులు, ఆత్మరక్షణ, మిగిలినవాళ్లు చీకట్లో పరారీ. అందుకే బృందం అడిగేవి చిన్న ప్రశ్నలు. మనిషిని ఏ ఇంటినుంచి, ఎప్పుడు పట్టుకెళ్లారు? చూసిందెవరు? అంతసేపు కాల్పులు జరిగితే పోలీసుల వైపు ఒక్కరికీ గాయం ఎందుకు కాలేదు? ఈ పనికి మూల్యం తక్కువేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథం 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో హత్యకు గురయ్యారు. అది పోలీసుల పనేనని సంఘం ఆరోపించింది. అదే సంఘానికి చెందిన పురుషోత్తం 2000లో, ఆజం అలీ 2001లో హతులయ్యారు.

కడప జిల్లా పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాల్లో ఈ పద్ధతికి వేరే చిక్కు ఎదురైంది. ఇక్కడ ప్రాణం తీసేది ఎక్కువగా ఫ్యాక్షన్. పోలీసులు వచ్చేది తర్వాత, పంచనామా రాసుకోవడానికి. చంపిందెవరో ఊరందరికీ తెలుసు, ఒక్కరూ నోరు మెదపరు. ఎవరి అరుగు మీద కూర్చుని మాట్లాడితే వారి మనిషన్న లెక్క. ఆ భయాన్ని పట్టించుకోకుండా రాసిన నివేదిక, నా దృష్టిలో, సగమే నివేదిక. రాజ్యహింసతో పాటు ఇతర హింసనూ ప్రశ్నించాలన్న బాలగోపాల్, సహచరులతో కలిసి పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. కడప జిల్లా ఫ్యాక్షన్ రాజకీయాల్లో ముగ్గురాయి గనుల డబ్బు పాత్ర గురించి ఆయన 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు.

ఎన్‌కౌంటర్లపై పోరాటం కోర్టుకూ ఎక్కింది. ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ పోలీసుల మీద కేసు నమోదు చేయాలని 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. ఎన్‌కౌంటర్ మరణాలపై దర్యాప్తుకు 2014లో సుప్రీంకోర్టు నుంచే 16 మార్గదర్శకాలు మాత్రం వచ్చాయి.

అధికారుల మాటను ఊరి మాటతో సరిచూడాల్సిన అవసరం హత్యలు జరిగిన చోటే కాదు. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో తూటా ఊసే లేదు. 2012లో ఉత్పత్తి మొదలైన యురేనియం ప్రాజెక్టు వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతుల ఫిర్యాదు. చెరువుకూ ఆ నీళ్లకూ సంబంధం లేదన్నది యురేనియం కార్పొరేషన్ వాదన.