నూటికి పది

అమెరికాలోని ఒహాయోలో నేను పనిచేసే హెడ్ స్టార్ట్ బడిలో (ఒకటో తరగతికి ముందు పేద పిల్లల కోసం ప్రభుత్వ పథకం కింద నడిచే బడి ఇది) ప్రతి ఏడూ ఒక అంకె చూసుకుంటాం. చేరిన పిల్లల్లో వైకల్యమున్నవాళ్ళు నూటికి పదిమందికి తగ్గకూడదు. తగ్గితే ఎందుకు తగ్గారో రాసి ప్రభుత్వాన్ని మినహాయింపు అడగాలి. ఆ పిల్లల కాగితాలన్నీ నా బల్ల మీదికే వస్తాయి. కొత్తగా చేరిన టీచర్లకి ఇదంతా ఆఫీసు తంతులా కనిపిస్తుంది. వాళ్ళని కూర్చోబెట్టి ఈ పది ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను.

1964లో ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ పేదరికం మీద యుద్ధమని ప్రకటించి, ఆ పని సార్జెంట్ శ్రైవర్ చేతిలో పెట్టాడు. శ్రైవర్ భార్య యూనిస్ కెనెడీల ఇంటి ఆడపడుచు. ఆమె అక్క రోజ్‌మేరీకి బుద్ధిమాంద్యం. 1941లో తండ్రి చేయించిన మెదడు ఆపరేషన్‌తో ఆమె మాటా, నడకా కూడా పోయాయి. ఆ తర్వాత ఆమె బతుకంతా సంస్థల్లోనే గడిచింది. ఆ కుటుంబం పెట్టిన కెనెడీ ఫౌండేషన్ బుద్ధిమాంద్యం మీద పరిశోధనలకు డబ్బిచ్చేది. ఆ పనిమీద తిరుగుతూనే శ్రైవర్ టెనెసీలో సూసన్ గ్రే చేస్తున్న ప్రయోగాన్ని చూశాడు. పేద నల్లజాతి పిల్లలకు ఒకటో తరగతి కంటే ముందే మంచి బడి ఉంటే వాళ్ళు ఎంత పుంజుకుంటారో ఆమె చూపించింది. హెడ్ స్టార్ట్‌కి అక్కడే బీజం పడింది.

పథకం గీసిన కమిటీ పెద్ద డాక్టర్ రాబర్ట్ కుక్, జాన్స్ హాప్కిన్స్‌లో పిల్లల వైద్య విభాగానికి అధిపతి. ఆయన సొంత పిల్లల్లో ఇద్దరికి తీవ్రమైన మానసిక వైకల్యం. కమిటీలో మరొకరు యేల్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ జిగ్లర్. బుద్ధిమాంద్యమున్న పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న పరిశోధనతో పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. ఇంట్లో పడ్డ బాధ ఒకరిది, ఏళ్ళ తరబడి చదివిన చదువు ఇంకొకరిది. ఇలాంటివాళ్ళు కూర్చుని గీసిన పథకంలో వైకల్యమున్న పిల్లకి మొదటి రోజునుంచే చోటు ఉండి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు.

ఉండలేదు. 1965 వేసవిలో దాదాపు 5,60,000 మంది పిల్లలతో బడులు తెరుచుకున్నాయి. పేద పిల్లలు రావాలన్నారు, వాళ్ళకి అన్నం పెట్టాలన్నారు, పళ్ళు, కళ్ళు, చెవులు చూపించాలన్నారు, అమ్మానాన్నల్ని కూడా బడి పనిలోకి తీసుకోవాలన్నారు. ఇవన్నీ రాసి ఉన్నాయి. కాళ్ళు చచ్చుపడ్డ పిల్లాడికీ, మాట రాని పిల్లకీ ఇంత చోటు అని మాత్రం రాసి లేదు. మనసున్న టీచరు ఉన్నచోట చేర్చుకున్నారు. లేనిచోట తల్లి అడగడానికి కూడా వెళ్ళి ఉండదు. ఏడేళ్ళు అలా గడిచాయి. మూడేళ్ళ పిల్లకి ఏడేళ్ళంటే చిన్నతనం మొత్తం.

1972 జనవరిలో న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ సంస్థలో వైకల్యమున్న పిల్లల్ని ఎలా ఉంచారో టీవీలో చూసి అమెరికా ఉలిక్కిపడింది. అదే ఏడు సెప్టెంబర్‌లో వచ్చిన చట్ట సవరణ హెడ్ స్టార్ట్‌లో దేశం మొత్తం మీద నూటికి పది చోట్లు వైకల్యమున్న పిల్లలకు అందుబాటులో ఉంచాలని రాసింది. దేశం మొత్తానికి లెక్క అంటే ఒక రాష్ట్రం తప్పుకోవచ్చు. అందుకే 1974లో దాన్ని రాష్ట్రాల వారీగా మార్చారు.

అంకె రాగానే లెక్కలాటా వచ్చింది. దీని గురించి దాచకుండా చెప్పాలి. అప్పటికే బడిలో ఉన్న పిల్లల్లో మాట కాస్త నత్తిగా వచ్చేవాళ్ళకి కాగితం మీద 'వైకల్యం' అని రాసి పది నింపినవాళ్ళున్నారు. సిరక్యూస్ యూనివర్సిటీకి చెందిన బర్టన్ బ్లాట్, ఆయన తోటి పరిశోధకులు 1977లో ఈ అమలుని పరిశీలించి ప్రచురించిన వ్యాసంలో ఇదే చెప్పారు: లెక్క కుదురుతోంది గాని, తీవ్రమైన వైకల్యమున్న పిల్లలు బహు తక్కువగా కనిపిస్తున్నారు. అప్పట్లో ఏటా అమెరికా కాంగ్రెస్‌కి వెళ్ళిన నివేదికల్లో కూడా అన్నిటికంటే పెద్ద పద్దు మాట లోపాలదే. నాకు ఆ పరిశోధకుల మీద గౌరవం. అయినా ఆ అంకె ఉండబట్టే వాళ్ళకి పరిశీలించడానికి ఏదో ఒకటి దొరికిందని కూడా అంటాను. అంకె లేని ఏడేళ్ళలో తప్పు చేశారని పట్టుకోవడానికి కూడా ఎవరికీ ఆధారం లేదు.

1975లో అమెరికా వైకల్యమున్న పిల్లలందరికీ చదువు హక్కు ఇచ్చింది. అందులో మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల సంగతి మాత్రం చాలావరకు రాష్ట్రాల ఇష్టానికే వదిలేసింది. ఆ సందు పూడ్చిన చట్టం 1986లో గాని రాలేదు. మధ్యలో ఆ వయసు పేద పిల్లని చేర్చుకోవాలని దేశమంతటా చట్టం కట్టడి చేసిన చోటు హెడ్ స్టార్టే. 2007లో పట్టు ఇంకా బిగించారు. చోటు ఉంచాం, ఎవరూ రాలేదు అంటే ఇప్పుడు చెల్లదు. ప్రతి సంస్థా నిజంగా నూటికి పదిమందిని చేర్చుకోవాలి. వాళ్ళకి పరీక్ష జరిగి, చట్టప్రకారం పథకం రాసి ఉండాలి.

ఇప్పుడు మా బడిలో కొత్త పిల్ల వచ్చిన 45 రోజుల్లోగా ఎదుగుదలా, చూపూ, వినికిడీ చూడాలి. భోజనం టీచర్లూ పిల్లలూ ఒకే బల్ల దగ్గర. గిన్నె చేతులు మారుతూ వస్తుంటే, చెయ్యి స్వాధీనంలో లేని పిల్లాడు కూడా పక్కవాడి సాయంతో తన బఠాణీలు తనే వడ్డించుకుంటాడు. గోడమీద రోజువారీ పనుల బొమ్మలు ఆటిజం ఉన్న ఒక్క పిల్ల కోసం పెడతాం. గదిలో ఉన్న పిల్లలంతా వాటినే చూసుకుంటారు.

ఇక్కడ ఆంధ్రాలో, అద్దంకి దగ్గర మా పిన్ని అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది. ఫోన్‌లో ఇదంతా చెబితే, "మా ఊళ్ళోనూ ఒక పిల్ల ఉండేదమ్మాయ్, మెడ నిలిచేది కాదు. రోజూ ఆయాతో గుడ్డు ఇంటికే పంపేదాన్ని. పిల్లని తీసుకురమ్మని నాకెవరూ చెప్పలేదు, నేనూ వాళ్ళమ్మకి చెప్పలేదు" అంది. మన దేశంలో అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. అది వైకల్యమున్న పిల్లల్ని బయటే ఉంచుతోందని పరిశోధన చేసి చెప్పినావిడ ముంబైలో మిథు అలూర్. కూతురు మాలినికి సెరిబ్రల్ పాల్సీ ఉండటంతో 1972లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా మొదలుపెట్టిన తల్లి ఆమె. తర్వాత ముంబై మురికివాడల్లోని చిన్నపిల్లల బడుల్లో అందరినీ కలిపి కూర్చోబెట్టి, అది జరిగే పనేనని చూపించింది.

2023 నవంబర్‌లో కేంద్రం వైకల్యమున్న పిల్లల కోసం అంగన్‌వాడీలకు మార్గదర్శకాలు ఇచ్చింది. లోపాన్ని తొందరగా గుర్తించడం, అంగన్‌వాడీలోనే కలుపుకోవడం, ఆస్పత్రికి పంపడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. సంతోషమే. మా పిన్నికి ఎవరూ చెప్పని మాట ఇప్పుడు టీచర్లకు చెబుతున్నారు. కానీ అవి మార్గదర్శకాలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉచిత చదువు హక్కుని 6 నుంచి 18 ఏళ్ళ వయసుకి ఇచ్చింది. ఆ ఆరుని మూడు చెయ్యమని నేను అడుగుతున్నాను. మార్చాక, ఏ మండలంలో ఎంతమంది పిల్లలు నిజంగా వచ్చి కూర్చుంటున్నారో ఏటా అసెంబ్లీ ముందు పెట్టమని కూడా అడుగుతున్నాను.